పాత సినిమాలు తేలిపోయాయా?

పాత ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ సినిమాల ఎఫెక్ట్స్ ఇప్పుడు చూస్తే తేలిపోతున్నాయని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. 1963 నాటి ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’లో ఏడు అస్థిపంజరాలు కత్తులు దూసి ముగ్గురు మనుషుల మీదికి వస్తాయి కదా, మొన్న మళ్లీ చూశాను. ఎఫెక్ట్స్ నిపుణుడు రే హ్యారీహాసెన్ ఆ బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకీ కాస్త కాస్త కదుపుతూ తీశారు. కొద్ది నిమిషాల పోరాటానికి నాలుగు నెలలు పైనే పట్టింది! కదలికలో కుదుపు ఉంది, కాదనను. కానీ మట్టిలోంచి లేచిన ఎముకలు నడిస్తే అలాగే నడుస్తాయేమో అనిపించి ఒళ్లు జలదరించింది.

‘జురాసిక్ పార్క్’ (1993) కూడా అంతే. వానలో కారు మీదికొచ్చే టీ-రెక్స్ డైనోసార్ చాలా షాట్లలో నిలువెత్తు యంత్రం. పిల్లల అరుపుల్లో నిజం అందుకే వినిపిస్తుంది.

నా లెక్కలో నిజంగా పాతబడినవి 2000 ప్రాంతంలో తొందరపడి కంప్యూటర్‌తో చేసినవి. ‘ది మమ్మీ రిటర్న్స్’ చివర్లో వచ్చే స్కార్పియన్ కింగ్ ముఖం చూడండి, మైనం ముద్దలా ఉంటుంది. ఆ సినిమాలో మిగతా యాక్షన్ మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఒక్క మాట ఒప్పుకుంటాను: కొన్ని పాత సినిమాల్లో మొదటి అరగంట బాగా సాగదీత.