పాత గేములు కొనే కౌంటర్ గారికి ఒక కస్టమర్ రాయు లేఖ

మహారాజశ్రీ ట్రేడ్-ఇన్ కౌంటర్ గారికి,

బ్రిటన్లో ఉంటున్న ఒక తెలుగు కస్టమర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ 2024 ఫిబ్రవరిలో ‘గేమ్’ అనే పేరున్న వీడియో గేముల షాపుల కంపెనీ తన షాపులన్నిట్లో పాత గేములు తీసుకోవడం ఆపేసి మిమ్మల్ని సాగనంపేసింది కాబట్టి ఆ మాట సగమే రాస్తున్నా, ఇక్కడ మేం కుశలం. మీ చుట్టాలు ఒకళ్ళిద్దరు ఇంకా ఉన్నార్లెండి, ఆ ఎర్ర బోర్డు సీ-ఈ-ఎక్స్ వాళ్ళు (ఇక్కడి జనం దాని పేరు కలిపి ఎలా పలుకుతారో ఇంట్లో పెద్దవాళ్ళ ముందు చెప్పలేను), కానీ ఊరి నడిబొడ్డున దర్జాగా కూర్చుని కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి అమ్మే మీ వైభవం మాత్రం అయిపోయింది.

మీరు పోయినప్పుడు పేపర్లలో అందరూ తెగ బాధపడుతూ రాశారు, చిన్ననాటి జ్ఞాపకాలనీ కొత్త గేము కోసం అర్ధరాత్రి నిలబడ్డ క్యూలనీ. నేను మాత్రం బాధపడను. ఎందుకంటే మీరు నాకు బాగా తెలుసు.

తెలియనివాళ్ళ కోసం మీ వ్యాపారం ఒకసారి చెప్పనివ్వండి. ఇక్కడ ప్రతి ఊళ్ళో హై స్ట్రీట్ అని మెయిన్ బజారు ఉంటుంది, అందులో బూట్ల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఒక వీడియో గేముల షాపు ఉండేది, కొన్ని ఊళ్ళలో అయితే ఒకే వీధిలో రెండు. అప్పట్లో కొత్త డిస్క్ 39.99 పౌండ్లు. నేను స్టూడెంట్‌గా దిగిన రోజుల్లో పౌండుని రూపాయల్లోకి మార్చకుండా మంచినీళ్ళ బాటిల్ కూడా కొనేవాణ్ణి కాదు, అలాంటిది మూడు వేల పైచిలుకు పోసి ఒక ప్లాస్టిక్ డబ్బా. కోఠి ఫుట్‌పాత్ మీద పైరేటెడ్ డిస్కులు ఏరుకుని పెరిగిన ప్రాణానికి అది మామూలు దెబ్బ కాదు. సరే కొన్నా, ఆడా, కథ అయిపోయింది, ఇంక ఇంట్లో ఎందుకని మీ దగ్గరకి తెచ్చా. ఏ షాపో చెప్పను, అప్పట్లో అన్నీ ఒక తానులో ముక్కలే.

కౌంటర్ వెనక కుర్రాడు డబ్బా ఠప్పున తెరిచి, డిస్కు మధ్య చిల్లులో వేలు దూర్చి పైకెత్తి, ట్యూబ్‌లైట్ వెలుతురులో ఇటు వంచి అటు వంచి ఒక్క కన్ను మూసి చూసేవాడు. ఒక గీత కనపడగానే "ఊఁ" అనేవాడు. తర్వాత డబ్బాలో వేలు పెట్టి వెతికి "మాన్యువల్ లేదా?" ఉంది, కింద పడింది, ఇదిగో. అప్పుడు బార్‌కోడ్ కొట్టి, నాకు కనపడకుండా అటు తిప్పి పెట్టుకున్న స్క్రీన్ చూసి, "క్రెడిట్ అయితే పన్నెండు, క్యాష్ అయితే ఎనిమిది." క్రెడిట్ అంటే మళ్ళీ అదే షాపులో ఖర్చుపెట్టాల్సిన డబ్బు. ఆ ఎనిమిది పౌండ్ల కోసం మళ్ళీ ఐడీ కావాలి, అది దొంగ సరుకేమోనని. హీత్రూలో ఇమిగ్రేషన్ ఆఫీసర్ కూడా నా వీసా కార్డుని అన్నిసార్లు తిప్పి చూడలేదు. సరేనని క్రెడిట్ తీసుకుని నేను ఇంకా డోర్ దాటలేదు, నా డిస్క్ మీద "ప్రీ-ఓన్డ్ 34.99" స్టిక్కర్ పడిపోయింది. మా ఊళ్ళో పాత పేపర్లు కొనేవాడు కూడా తక్కెడ కింద కాలు పెట్టేవాడు గానీ, పెట్టేటప్పుడు కనీసం మొహం అటు తిప్పుకునేవాడు. మీరు నా కళ్ళలోకి చూసి, నవ్వి, రసీదు ఇచ్చి, "లాయల్టీ కార్డ్ ఉందా" అని అడిగేవారు.

అంటే నా దగ్గర పన్నెండుకి కొని, నాలాంటి ఇంకో వెర్రివాడికి ముప్ఫై ఐదుకి అమ్మి, వాడు మళ్ళీ తెస్తే మళ్ళీ పన్నెండుకి కొని... ఒకే డిస్కు ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చేదో. కొత్త డిస్క్ అమ్మితే మీకు మిగిలేది అంతంత మాత్రం, మీ అన్నం గిన్నె అంతా ఈ పాత డిస్కులే. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసే వచ్చేవాళ్ళం.

పోనీ మీ అత్యాశ దాచుకున్నారా అంటే అదీ లేదు. 2010 ఏప్రిల్ 1న, అప్పటికే మీ గేమ్ కంపెనీ సొంతమైన గేమ్‌స్టేషన్ అనే షాపు తన ఆన్‌లైన్ ఆర్డర్ నిబంధనల్లో ఒక క్లాజు ఇరికించింది, ఈ ఆర్డర్ పెట్టినందుకు మీ అమరమైన ఆత్మ ఇకపై మాదే అని. ఒప్పుకోకపోతే ఇక్కడ టిక్ చేయండి అని ఒక గడి కూడా పెట్టి, టిక్ చేసినవాళ్ళకి 5 పౌండ్ల వోచర్ ఇచ్చారు. నిబంధనలు ఎవడు చదువుతాడండీ, సుమారు 7,500 మంది ఆత్మలు సమర్పించుకున్నారు. జోకే, తర్వాత వదిలేశాం అన్నారు. కానీ గమనించండి, ఆత్మ నిలబెట్టుకున్నవాడికి కూడా మీరు క్యాష్ ఇవ్వలేదు, వోచరే ఇచ్చారు. జోకులో కూడా పాలసీ తప్పలేదు.

ఇంక 2012 మార్చి. దాని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. 2007లో గేమ్ కంపెనీ 74 మిలియన్ పౌండ్లు పోసి గేమ్‌స్టేషన్‌ని కొనేసింది కదా, కొన్నాక ఒకే బజారులో ఒకే యజమానికి రెండు షాపులు, రెండు అద్దెలు, రెండు కరెంటు బిల్లులు, ఇద్దరూ అమ్మేది అదే డిస్క్. ఇంకోపక్క సూపర్ మార్కెట్లు కొత్త గేముని పాల ప్యాకెట్ల పక్కన పెట్టి నష్టానికి అమ్మేవి, గేము కోసం వచ్చినవాడు ఎలాగూ వారానికి సరిపడా సామాన్లు కొనుక్కెళ్తాడని. ఆన్‌లైన్ వాళ్ళు జెర్సీ, గర్న్సీ దీవుల నుంచి పోస్ట్ చేసేవాళ్ళు, 18 పౌండ్ల లోపు సరుకుకి అక్కణ్ణుంచి వస్తే వ్యాట్ లేదు కాబట్టి. ఆ లూప్‌హోల్‌ని ప్రభుత్వం ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చుని చివరికి 2012 ఏప్రిల్ 1న మూసేసింది. మీ కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలాలోకి, వెళ్ళింది మార్చి 26న. ఆరు రోజులు! మూలిగే నక్క మీద తాటిపండు పడటం విన్నాం గానీ, నక్క పోయాక చెట్టు కొట్టించడం అప్పుడే చూశాం.

అంతకుముందే సప్లయర్లకి మీ మీద నమ్మకం పోయింది. ఆ మార్చిలోనే మాస్ ఎఫెక్ట్ 3 అనే గేము వచ్చింది, గేమ్ షాపులో మాత్రం లేదు. గేమ్ అని బోర్డు పెట్టుకున్న షాపులో ఆ నెల కొత్త గేము లేదు. ఇంటిపేరు కస్తూరివారు, మిగతాది మీకు తెలుసు. 26న 277 షాపులకి ఆ రోజుకారోజే తాళాలు పడ్డాయి, రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి, వాళ్ళలో ఎక్కువమంది ఆ డిస్కులు ఎత్తి చూసే కుర్రాళ్ళే, వాళ్ళ మీద మాత్రం నేను జోకు వెయ్యను. గిఫ్ట్ కార్డులూ పాయింట్లూ కొన్నాళ్ళు చెల్లవన్నారు. మిగిలిన 333 షాపుల్ని ఆప్‌కాపిటా అనే సంస్థ కొంది. ఎంతకి? అప్పులు అదనం, రేటు మాత్రం 1 పౌండు.

1 పౌండు! గీతలు చూశారు, మాన్యువల్ లేదన్నారు, ఇచ్చారు. నా పన్నెండు పౌండ్ల ఉసురు అంత త్వరగా తగులుతుందని నేనూ అనుకోలేదు.

ఇంతకీ మీ అసలు శత్రువులు మేం కాదు, సూపర్ మార్కెట్లూ కాదు, గేములు తయారుచేసేవాళ్ళే. ఒక డిస్కు ఎన్ని చేతులు మారినా వాళ్ళకి డబ్బు వచ్చేది మొదటిసారే కాబట్టి మీరంటే ఒళ్ళు మంట. 2010లో ఈఏ కంపెనీ ఆన్‌లైన్ పాస్ అని పెట్టింది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే మళ్ళీ కట్టాలి. జనం తిట్టీ తిట్టీ 2013లో తీయించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అనే కొత్త కన్సోల్‌తో (టీవీకి తగిలించి గేములాడే పెట్టె) వచ్చి, డిస్క్ ఒకసారి పెడితే అకౌంట్‌కి అతుక్కుపోతుంది, తిరిగి అమ్మాలంటే మేం ఒప్పుకున్న షాపుల్లోనే అంది. దానికి సోనీ వాళ్ళు ఒక చిన్న వీడియో చేశారు, మా కన్సోల్‌లో గేము పంచుకోవడం ఎలా అని. ఒకాయన డిస్క్ ఇస్తాడు, పక్కాయన తీసుకుంటాడు, థాంక్స్ అంటాడు, అయిపోయింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది, మైక్రోసాఫ్ట్ రోజుల్లోనే వెనక్కి తగ్గింది. మీరు గెలిచారనుకున్నాం.

అదే సోనీ 2024లో పీఎస్5 ప్రో అనే కన్సోల్ అమ్మింది. అప్పటి ధర 699.99 పౌండ్లు. డిస్కు పెట్టే చోటు? లేదు. అది కావాలంటే అప్పట్లో విడిగా 99.99. ఆ వీడియోలో డిస్కు అందుకున్న పెద్దమనిషి ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు.

జనం మాత్రం ఏం చేశారు? సోఫాలోంచి లేవకుండా డౌన్‌లోడ్ నొక్కడం మరిగారు. 2022 నాటికి బ్రిటన్‌లో గేముల అమ్మకాల్లో దాదాపు 90 శాతం డిజిటలే. కొత్త గేము 69.99, అమ్మేది ఒకే కొట్టు, అది కన్సోల్ లోపలే ఉంది, పక్క షాపులో కనుక్కొస్తా అనడానికి పక్క షాపు లేదు. ఆడటం అయిపోయాక దాని రేటు ఎంత? సున్నా. పన్నెండూ కాదు, ఎనిమిదీ కాదు. మీ దగ్గర మోసపోవడానికైనా నా చేతిలో ఏదో ఒకటి ఉండేదని, ఇప్పుడు అది కూడా లేదని, ఇదిగో ఈ మాట చెప్పడానికే ఇంత ఉత్తరం. మీరు దొంగలే, కానీ దొంగ రావాలన్నా ఇంట్లో ఒక వస్తువు ఉండాలి కదా.

ఇంకో సంగతి. సెలవులకి ఇండియా వస్తే మా బాబాయి కొడుక్కి మీ ప్రీ-ఓన్డ్ డిస్కులే పట్టుకెళ్ళేవాణ్ణి, విమానంలో కూర్చుని ఆ స్టిక్కర్ జిగురంతా గోటితో గీకి గీకి, కొత్తవే అని చెప్పి ఇచ్చేవాణ్ణి. వాడు ఆడేసి ఫ్రెండుకిచ్చి, ఆ ఫ్రెండు ఇంకెవడికో ఇచ్చి, మీ కౌంటర్‌లో పన్నెండు పౌండ్లు చేసిన డిస్కు దిల్‌సుఖ్‌నగర్‌లో సగం కాలనీని ఒక వేసవంతా ఇంట్లో కూర్చోబెట్టేది. ఇప్పుడు నా అకౌంట్‌లో ఉన్న గేముల్ని సూట్‌కేసులో ఎలా సర్దను? వాడే మొన్న ఫోన్‌లో "అన్నా, పాస్‌వర్డ్ పంపు" అన్నాడు. కార్డు నంబరు కూడా దాంట్లోనే ఉందిరా నాయనా.

డబ్బాలు ఇంకా అక్కడక్కడా అమ్ముతున్నారు. కొన్నిట్లో డిస్కు ఉండదు, ఒక కాగితం మీద కోడ్ ఉంటుంది, ఒకసారి గీకి కొడితే దాని పని అయిపోయినట్టే. నింటెండో స్విచ్ 2కి కొత్తగా కీ కార్డులని తెచ్చారు, కార్డు పెట్టినా గేము దాంట్లో ఉండదు, నెట్‌లోంచి దించుకోవాలి. అయితే ఆ కార్డుని తిరిగి అమ్ముకోవచ్చు, అది విని నేను ఎంత సంతోషించానో తెలిస్తే మీరే సిగ్గుపడతారు. డిస్కు ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళ సంగతీ చెప్తా వినండి, యూబీసాఫ్ట్ వాళ్ళ ద క్రూ అనే కారు రేసుల గేము, 2014లో వచ్చింది, 2024 మార్చి ఆఖరున సర్వర్లు ఆపేశారు. డిస్కు ఇంట్లోనే ఉంటుంది, గేము మాత్రం తెరుచుకోదు. మీరు ఇంకో రెండు నెలలు ఉండుంటే దాన్ని కూడా లైటు కింద పెట్టి చూసి "యాభై పెన్నీలు" అనేవారు.

మీ ఇల్లు ఇప్పుడెలా ఉందో తెలుసా? 2019లో స్పోర్ట్స్ డైరెక్ట్ వాళ్ళు 52 మిలియన్‌కి కంపెనీని కొన్నాక చాలాచోట్ల వాళ్ళ షాపులోనే ఓ మూలకి సర్దేశారు. ట్రాక్ ప్యాంట్లు దాటి, ఫుట్‌బాల్ బూట్లు దాటి, ఎస్కలేటర్ ఎక్కితే అక్కడ ఒక గోడకి గేములు, మిగతా అంతా బొమ్మలూ, కీచెయిన్లూ, పోకెమాన్ కార్డులూ. పాత డిస్కు తీసుకుంటారా అని అడిగితే అక్కడి పిల్లకి నేనేం అడుగుతున్నానో కూడా అర్థం కాలేదు, ఆ పిల్ల పుట్టిందే 2006 తర్వాత అయ్యుంటుంది.

కాబట్టి అయ్యా, చిన్న విన్నపం. నా అల్మరాలో ఫీఫాలు (ఫుట్‌బాల్ గేములు) ఉన్నాయి, ఏడాదికొకటి చొప్పున, ఏటా సెప్టెంబర్‌లో కొత్తది రాగానే పాతది పనికిరానిదైపోతుందని మీరే నేర్పారు కదా. ఛారిటీ షాపుకి ఊరికే ఇస్తానని పట్టుకెళ్తే ఆవిడ సంచిలోకి తొంగి చూసి "ఫీఫాలు వద్దు లవ్, లోపల ఇప్పటికే రెండు అట్టపెట్టెలు నిండాయి" అని నా చేతికే తిరిగిచ్చింది. మీరు ఏ లోకంలో ఉన్నా అక్కడ షాపు తెరిచే ఉంటారని నాకు తెలుసు. అన్నీ కలిపి ఎంతిస్తారో కబురు పెట్టండి. గీతలు ఉన్నాయి, ముందే చెప్తున్నా. ఐడీ తెస్తాను, క్యాష్ అక్కర్లేదు.

ఇట్లు
మీ పాత బాకీదారు