డబ్బులు తెస్తానని వచ్చిన క్యూఆర్ కోడ్ గారికి

అయ్యా, నమస్కారం. బెంగళూరు మారతహళ్ళి నుంచి రాస్తున్నాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో మా ఇంటికి విచ్చేశారు, నెత్తిమీద 'రిసీవ్ 18,000' అని పచ్చరంగు బోర్డు కట్టుకుని. అడక్కుండానే డబ్బు తెచ్చిచ్చే చుట్టాన్ని మా వంశంలో ఎవరూ చూడలేదు, అందుకే కాస్త కంగారుపడ్డాను.

సంగతేంటంటే నా రిసెప్షన్ లెహంగా అమ్మకానికి పెట్టాను. కమర్షియల్ స్ట్రీట్‌లో 42,000 పోసి కొన్నది, వేసుకున్నది మూడు గంటలు, అందులో రెండున్నర గంటలు ఫొటోలకి నిలబడటమే సరిపోయింది. అప్పట్నుంచి బీరువాలో ఒక అర మొత్తం దానిదే. ఈ ఊరి అద్దెల లెక్కన చూస్తే అదే నాకు ఎదురు బాకీ. ఒంగోల్లో అమ్మకి తెలిసి "పెళ్ళి బట్టలు అమ్ముకునే కర్మ ఏం పట్టిందే మనకి" అని ఒక పూట మాట్లాడలేదు. తాళి కట్టినప్పటి పట్టుచీర జోలికి పోవట్లేదమ్మా, ఇది రిసెప్షన్‌దే అని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ప్రకటన పెట్టిన తొమ్మిది నిమిషాలకి మీ యజమాని దిగాడు. ఆర్మీలో పని మేడమ్, బదిలీ అయింది, చెల్లెలి పెళ్ళి, నేను రాలేను, కొరియర్ కుర్రాడొచ్చి పట్టుకెళ్తాడు అని ఒక్క గుక్కలో చెప్పేసి, యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపాడు. ఆ కార్డు ఏ అమాయకుడిదో పాపం. నాకు అనుమానం రావలసింది అక్కడ కూడా కాదు. వాడు బేరం ఆడలేదు! 18,000 అంటే "ఓకే మేడమ్" అన్నాడు. మనలో ఎవరైనా అలా కొంటారా? కొలత అడగలేదు, ఓణీ పొడవు అడగలేదు, మరక ఉందా అని అడగలేదు. వాడికి ముందు మాట్లాడిన ఒకావిడ అయితే జాకెట్టు కుట్టు ఎంత విప్పుకోవచ్చు, లోపలి వైపు ఫొటో ఏది, ఇంతకీ వడ్డాణం కూడా ఇస్తారా అని గంటసేపు నా ప్రాణం తీసి చివరికి "మా ఆయన్ని అడిగి చెప్తా" అని మాయమైంది. ఆవిడ ఎంత నికార్సయిన మనిషో ఇప్పుడు అర్థమవుతోంది.

ముందు ఒక్క రూపాయి పంపి చూడండి, రెండు వస్తాయి అన్నాడు. పంపాను, వచ్చాయి. పిట్టకి నూకలు చల్లడమంటే ఇదే కదా. తర్వాత మీరొచ్చారు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి మేడమ్, మీ ఖాతాలో పడిపోతాయి." చేశాను, సిగ్గు లేకుండా చెప్తున్నా, పిన్‌లో రెండంకెలు కొట్టాను కూడా. అప్పుడు ఎందుకో మా సందు చివర కొబ్బరిబోండాల ఆయన గుర్తొచ్చాడు. ఆయన బండికి మీరే వేలాడుతుంటారు. రోజూ ఎంతమంది దగ్గర తీసుకుంటాడో, ఆయన పిన్ కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. కొట్టేది నేను. డబ్బులు పోయేదీ నావే. ఫోన్ వైపు మళ్ళీ చూస్తే, పైన 'పే' అని ఉంది, కింద ఎవరిదో ముక్కూ మొహం తెలియని పేరు.

మిమ్మల్ని తప్పుపట్టను. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టారు, మూడు మూలల్లో మూడు గళ్ళతో చక్కటి ముగ్గులా ఉంటారు, ఎవరికి పంపాలో, మహా అయితే ఎంతో, అదే మీ కడుపులో ఉండేది. 'రిసీవ్' బోర్డు వాడు పైన అతికించిందే. ఈ ఊళ్ళో వన్‌వే అని రాసిన ప్రతి రోడ్డులోనూ ఎదురుగా ఒక స్కూటర్ వస్తుంది, నిజాయితీగా వన్‌వే పాటించేది మీరొక్కరే. మీ తమ్ముడు కలెక్ట్ రిక్వెస్ట్‌ని, అదే, అవతలివాడు డబ్బు అడుగుతూ పంపితే మనం పిన్ కొట్టి ఒప్పుకునేదాన్ని అయితే, ఇలాంటి పనులకి వాడుతున్నారనే, 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికీ మనిషికీ మధ్య తిరగకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఇంట్లో కూర్చోబెట్టింది. మీరింకా బజార్లోనే ఉన్నారు.

పిన్ కొట్టనన్నాను. వెంటనే ఒక మెసేజ్, ఖాతాలో 81,000 జమ అని. అంకెలు తారుమారయ్యాయట, మిగతా 63,000 వెనక్కి పంపాలట, లేకపోతే కేసట! ఆ మెసేజ్ వచ్చింది బ్యాంకు పేరుతో కాదు, మామూలు పదంకెల నంబరు నుంచి. బ్యాంకు యాప్ తెరిచి చూస్తే నెలాఖరుకి ఎలా ఉంటుందో నా ఖాతా అలాగే ఉంది. టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్లో, ఇలాంటి మోసపు ఫోన్లూ మెసేజ్‌ల గురించి చెప్పుకోడానికి చక్షు అని ఒకటుంది, వాడి నంబరు అక్కడ రాసిపెట్టి బ్లాక్ చేశాను. డబ్బు పోలేదు కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసే పని పడలేదు. పోయినవాళ్ళు మాత్రం ఇంట్లో ఏమంటారోనని ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ నిమిషమే చెయ్యాలి, ఇంకో ఖాతాకి దాటేలోపు అయితే ఆపే వీలుంటుంది.

లెహంగా నిన్న పోయింది లెండి. కేఆర్ పురం నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. మా అపార్ట్‌మెంట్ కింద, సెక్యూరిటీ టేబుల్ మీద పరిచి చూపించాను. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని "ఇక్కడ నాలుగు పూసలు ఊడాయి కదమ్మా" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. 18,000 కాస్తా 11,500కి దిగింది. ఈసారి నా క్యూఆర్ నేనే చూపించాను, కోడలు పిన్ కొట్టింది, నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. యాప్‌లో పడ్డాయని చూసుకున్నాకే మడత పెట్టిచ్చాను. వెళ్తూ వెళ్తూ అత్తగారు జిప్పు కవరు, హ్యాంగరు కూడా అడిగి పట్టుకెళ్ళారు.

ఇట్లు,
బీరువాలో ఒక అర ఖాళీ అయిన మనిషి