ఐక్యరాజ్యసమితి కైలాసని దేశంగా గుర్తించిందంట! ఆ ఫార్వర్డ్ సంగతేంటో చూద్దాం

కేసులు మీదుండగా ఇండియా వదిలి పారిపోయిన స్వామీజీ నిత్యానంద, తన సొంత దేశం అని చెప్పుకునే కైలాస మీద ఫార్వర్డ్ మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ప్రపంచంలో ఏకైక హిందూ దేశం అంట, ఐక్యరాజ్యసమితి గుర్తించేసిందంట, అమెరికాలో 30 సిటీలు ఒప్పుకున్నాయంట, సొంత దీవి, సొంత రిజర్వ్ బ్యాంకు, పాస్‌పోర్టు, 200 కోట్ల జనాభా, మన మీడియా మాత్రం దాస్తోందంట. కింద జెనీవా ఫొటో ఒకటి.

ముందు ఆ ఫొటో. అది మార్ఫింగ్ కాదు, నిజమే. 2023 ఫిబ్రవరిలో జెనీవాలో ఐరాస కమిటీల చర్చలు రెండింటికి కైలాస వాళ్ళు వెళ్ళారు, చీర, తలపాగా, బంగారు నగలతో ఒకావిడ మైకు ముందు కూర్చుని మా గురువుగారిని వేధిస్తున్నారు అని చెప్పుకొచ్చారు. కానీ అవి ఎవరైనా పేరు రాయించుకుని వెళ్ళగలిగే ఓపెన్ మీటింగులు, ఎన్జీవోలు, మామూలు జనం కూడా వస్తారు. గొడవయ్యాక ఐరాస మానవ హక్కుల ఆఫీసే క్లియర్‌గా చెప్పింది, వాళ్ళు మాట్లాడింది టాపిక్‌కి సంబంధం లేనిది, పరిగణనలోకి తీసుకోం అని. ఐరాసలో మెంబర్‌షిప్ అంటే ముందు భద్రతా మండలిలో 15 దేశాల్లో 9 ఓట్లు రావాలి, అందులో ఎప్పుడూ ఉండే ఐదు పెద్ద దేశాల్లో ఒక్కటీ వీటో చెయ్యకూడదు, తర్వాత జనరల్ అసెంబ్లీలో మూడింట రెండొంతులు. ఆఖరున అలా చేరింది 2011లో దక్షిణ సూడాన్, 193వ దేశం. కైలాస పేరు అక్కడిదాకా పోనే లేదు.

"ఐరాసలో లేకపోతే దేశం కాదా, తైవాన్ లేదా" అంటారు కొందరు. కరెక్ట్ పాయింటే. కానీ తైవాన్‌కి టికెట్ కొనుక్కుని పోవచ్చు కదండీ. కైలాసకి 2020 డిసెంబర్‌లో వీసాలు ప్రకటించారు, మీరు సొంత ఖర్చుతో ఆస్ట్రేలియా రావాలి, అక్కణ్ణించి గరుడ అనే స్పెషల్ ఫ్లైట్‌లో మేం తీసుకెళ్తాం, మూడు రోజులే ఉండాలి అని. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అమెరికా సిటీల సంగతి ఇంకా కామెడీ. అక్కడ చాలా ఊళ్ళలో మేయర్ ఆఫీసుకి రిక్వెస్ట్ పెడితే ఫలానా సంస్థకి శుభాకాంక్షలు అని ఒక కాగితం ఇస్తారు, మనవాళ్ళు ఉగాదికీ, బతుకమ్మకీ తెచ్చుకుంటుంటారే, అదే. దేశాన్ని గుర్తించే పవర్ మేయర్‌కి లేదు. న్యూజెర్సీలో నెవార్క్ సిటీ అయితే 2023 జనవరి 12న ఏకంగా సిస్టర్ సిటీ ఒప్పందమే (రెండు ఊళ్ళు స్నేహంగా ఉంటామని రాసుకునేది) చేసుకుంది, హాల్లో ఫంక్షన్ కూడా చేశారు, వారం తిరక్కముందే అసలు విషయం తెలిసి రద్దు చేసుకుంది. పరాగ్వేలో వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన 2023లో కైలాసతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకం పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఫార్వర్డ్ రాసినవాళ్ళకి సంతకం కనిపించింది, రద్దు కనిపించలేదు.

రిజర్వ్ బ్యాంకు, 2020 వినాయక చవితికి నాణేలు చూపించారు. సరే, బంగారంతో నాణెం ఎవడైనా కొట్టించుకోవచ్చు, జ్యువెలరీ షాపులు రోజూ చేసే పనే. డబ్బంటే అవతలివాడు తీసుకోవాలి, వాళ్ళ కరెన్సీకి ఏ దేశంలోనూ మారకం లేదు. 200 కోట్ల జనాభా అంటే ప్రపంచంలో ఉన్న హిందువులందరినీ లెక్కేసినా రాదు, మనల్ని అడక్కుండానే కలిపేసుకున్నారు, ఆధార్‌కైనా వేలిముద్ర అడిగారు!

దీవి కథ 2019ది. నిత్యానంద ఈక్వెడార్‌లో దీవి కొన్నాడన్నారు, ఈక్వెడార్ ప్రభుత్వమేమో మేం ఆశ్రయం ఇవ్వలేదు, భూమి కొనడానికి సాయం చెయ్యలేదు, ఆయన హైతీకి వెళ్ళిపోయాడు అంది. ఇక్కడ ఇండియాలో ఆయన మీద 2010 నాటి రేప్ కేసు, 2019లో అహ్మదాబాద్ ఆశ్రమంలో పిల్లల్ని బంధించారన్న కేసు ఉన్నాయి, ఆయన ఏమో అవన్నీ అబద్ధం అంటాడు. కోర్టుకొచ్చి ఆ ముక్క చెప్తే తేలిపోయేది.

పోప్ ఉండే వాటికన్ అర చదరపు కిలోమీటర్ కూడా లేదుగా, అదీ దేశమేగా అనేవాళ్ళకి: దాని వెనక 1929లో ఇటలీతో రాసుకున్న లేటరన్ ఒప్పందం ఉంది, భూమి ఉన్నవాడు ఇచ్చాడు, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నాడు. కైలాస వాళ్ళకి కూడా భూమి కావాలని తెలుసు, అందుకే బొలీవియా అడవుల్లో ఆదివాసీల దగ్గరికి పోయారు. బౌరే అనే తెగ నాయకులు 25 ఏళ్ళ లీజుకి సరే అన్నారు, తీరా కాగితాలు ఇంగ్లీషులో వచ్చాయి, అందులో లీజు 1000 ఏళ్ళు, పైన ఆకాశం వాడుకునే హక్కు, కింద ఖనిజాలు తవ్వుకునే హక్కు. మన దగ్గర అసైన్డ్ భూములకి వేలిముద్రలేయించుకున్న కథలు తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. పేపర్లలో వచ్చి రచ్చయ్యాక బొలీవియా ప్రభుత్వం ఆ ఒప్పందాలు చెల్లవు అంది, అలాంటి దేశంతో మాకు సంబంధాలే లేవు అంది, కైలాసకి చెందిన 20 మందిని పట్టుకుని పంపించేసింది. పంపింది కైలాసకి కాదు, ఎవరి దగ్గర ఏ దేశం పాస్‌పోర్టు ఉంటే ఆ దేశానికి.