సీరియల్‌ను తేర్చే నల్లగొండ పద్ధతి

మన దిక్కు సీజన్లు రెండే. ఒకటి వానాకాలం, రెండోది యాసంగి. తెలంగాణ సోనా వరి నారు పోస్తే 125 రోజులకు కోతకొస్తుంది. సాంబ మసూరి కాస్త బద్ధకపుది, 150 రోజులు తీసుకుంటుంది. బత్తాయి మొక్క కూడా నాటిన నాలుగైదేండ్లకు కాపు పడుతుంది. రాత్రి ఏడున్నర సీరియల్‌లో పెండ్లి పీటల మీద కూర్చున్న పిల్ల సంగతి వేరు. ఆమె కూర్చున్నప్పుడు పొలంలో ఉన్న వడ్లు కోతకొచ్చి, మిర్యాలగూడ మిల్లులో బియ్యమై, రేషన్ షాపు మీదుగా ఇంటికి చేరి, అన్నమై కంచంలో పడ్డాయి. ఆమె మెడలో తాళి పడలేదు.

ఇది ఫిర్యాదు కాదు. ఆలస్యం చేయడం కూడా ఒక విద్యే, దానికీ కొలతలున్నాయి. కొలతలు తెలియకుండా ‘సాగదీస్తున్నారు’ అని తిట్టడం పనిమంతులను అవమానించడమే. ఈ సీజన్లో అన్ని ఛానెళ్లలోనూ విరగపండిన చెంపదెబ్బనే తీసుకోండి. మామూలు ఇంట్లో అది అర సెకను పని. సీరియల్ హాల్లో తొమ్మిది మంది నిలబడి ఉంటే లెక్క ఇలా ఉంటుంది. చెయ్యి లేచినప్పుడు తొమ్మిది ముఖాలు, తగిలినప్పుడు తొమ్మిది, తగిలాక తొమ్మిది. మొత్తం 27 ముఖాలు, ముఖానికి 4 సెకన్లు, అంటే 108 సెకన్లు. దెబ్బను మూడు కోణాల నుంచి మూడుసార్లు నెమ్మదిగా చూపించడానికి ఇంకో అర నిమిషం. కింద పడ్డ హారతి పళ్లెం గిరగిరా తిరిగి ఆగడానికి పది సెకన్లు. దగ్గర దగ్గర రెండున్నర నిమిషాలు. ప్రకటనలు అయ్యాక చెయ్యి లేచిన దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెడతారు కాబట్టి ఐదు.

అన్ని ముఖాలెందుకు అంటే, తొమ్మిది మంది నటుల డేట్లు ఒకే రోజు దొరకవు. ఎవరొచ్చిన రోజు వాళ్ల ముఖాన్ని విడిగా తీసుకుంటారు. సోమవారం వచ్చిన అత్త గోడను చూసి కోపపడుతుంది, గురువారం వచ్చిన కోడలు లైటు స్టాండును చూసి ఏడుస్తుంది. వాళ్లిద్దరూ కలిసేది ఎడిటర్ దగ్గర. బెంగళూరు నుంచి వచ్చిన నాయికకు పక్క నుంచి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు అందిస్తాడు, ఆమె పెదవులు కదుపుతుంది, గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఇంకొకామె ఇస్తుంది. ఏడవమన్నది ఒకరు, ఏడ్చింది ఒకరు, వినపడ్డది మూడోవాళ్ల ఏడుపు. కేసు పెడితే ఆ దెబ్బ ఎవరికి తగిలిందో జిల్లా కోర్టు కూడా తేల్చలేదు.

ఈ ఐదు నిమిషాలను గడియారంతో కాదు, జొన్నరొట్టెతో కొలవాలి. పాలమూరు వంటింట్లో టీవీ వినపడే సమయమూ, రొట్టెలు తట్టే సమయమూ ఒకటే. జొన్నపిండిలో గోధుమపిండికున్న జిగురు ఉండదు. మరిగిన నీళ్లు పోసి, వేడి మీదే పిసికి, ఆరకముందే తట్టాలి. తట్టే చెయ్యి ఆగిందంటే అంచు పగులుతుంది. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేట్టు పెనం మీద వేసి, పైన తడిచెయ్యి తిప్పి, ఆ తడి ఆరీ ఆరగానే తిరగేయాలి. ఆలస్యమైతే రొట్టె పొంగదు. ఇంత గడుసు పనిని సీరియల్ చూస్తూ చేస్తున్నా ఏ ఇంట్లోనూ రొట్టె మాడడం లేదంటే కారణం ఒకటే. ఒక చెంపదెబ్బ రెండు రొట్టెల కాలం. తల తిప్పి, రొట్టె తిరగేసి, మళ్లీ చూసేసరికి ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంటుంది. కథ కొంచెం వేగంగా నడిచినా జడ్చర్ల నుంచి నారాయణపేట దాకా జనం మాడిన రొట్టెలు తినాల్సి వచ్చేది. రచయితలకు ఈ బాధ్యత తెలుసని నమ్మడం మర్యాద.

ఈ నిదానం వెనక గురువారం భయం కూడా ఉంది. ఏ ఛానెల్‌ను ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు ఇచ్చేది గురువారమే, దాని వారం శనివారం మొదలై శుక్రవారం ముగుస్తుంది. ఎంపిక చేసిన ఇండ్లలో టీవీ దగ్గర చిన్న మీటరు పెడతారు. ఛానెల్ తన శబ్దంలో చెవికందని గుర్తు ఒకటి కలిపి పంపుతుంది, మీటరు దాన్ని పట్టుకుని ఏ ఛానెల్ నడుస్తోందో రాసుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికి రిమోట్ మీద ఒక్కో బటన్ ఉంటుంది. కూర్చుంటే నొక్కాలి, లేచిపోతే మళ్లీ నొక్కాలి. లెక్కంతా నిమిషాల్లో. తెలంగాణ, ఆంధ్ర రెండూ కలిపి ఒకే మార్కెట్. రాష్ట్రం 2014లో వేరుపడిన కబురు ఆ మీటరుకు ఇంకా అందలేదు.

నిమిషాల లెక్క కాబట్టే లేచిన చెయ్యి ప్రకటనల ముందు ఆగుతుంది. కేబుల్ నిబంధనల ప్రకారం ప్రకటనలు గంటకు 12 నిమిషాలు మించకూడదు. పది నిమిషాలు సబ్బులకూ బంగారానికీ, రెండు ఛానెల్ సొంత డప్పుకు. అయినా రేటింగు పడిపోతే మందులు వరుసగా వాడతారు. మొదట ఒక పాము, లేదంటే ఒక స్వామీజీ. పని చేయకపోతే రోడ్డు ప్రమాదం, ఆ తర్వాత మతిమరుపు. అదీ పని చేయకపోతే ‘ఐదేళ్ల తర్వాత’ అని తెర మీద అక్షరాలు. ఐదేండ్లలో పిల్లలు బడికి పోయే ఈడుకొస్తారు గానీ అత్తకు తెల్ల వెంట్రుక రాదు, సోఫా కవరు మారదు. అన్ని మందులూ అయిపోయాక బలంగా ఉన్న పక్క సీరియల్‌ను తెచ్చి కలిపి, మహాసంగమం అని గంట నడుపుతారు. బోరు ఎండినప్పుడు పక్క చెలకాయన కాళ్లు పట్టుకుని పైపు వేసి నీళ్లు తెచ్చుకున్నట్టు.

ఇక ప్రేక్షకుడి మందు. ఫ్లోరైడు నీళ్లు తేర్చడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పెద్ద బకెట్ నీళ్లలో పటిక, ఆ పటికలో 20వ వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచాలి. మడ్డి అడుగుకు చేరుతుంది. బకెట్ నల్లా అడుగున కాకుండా కాస్త పైన ఉంటుంది కాబట్టి తేటనీళ్లే వస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఒక్కరోజు తాగితే తెలియదు, ఏండ్ల తరబడి తాగితే పండ్ల మీద, ఎముకల్లో తెలుస్తుంది. ఆ బాధ చూసిన జిల్లాలో నీళ్లతో హాస్యమాడే ధైర్యం ఎవరికీ లేదు. కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చాక బకెట్లకు పని తగ్గిందని, వాటిని ఖాళీగా ఉంచడం ఎందుకు, సీరియల్ పోసి తేరుద్దామని మాత్రమే ఈ ప్రతిపాదన.

ముందు ముడినీళ్లు కొలవాలి. వారానికి ఆరు రోజులు, రోజుకు అరగంట, మొత్తం 180 నిమిషాలు. ప్రకటనలకు 36 పోతే 144. నిన్న జరిగింది, రేపు జరగబోయేది, టైటిల్ పాట కలిపి రోజుకు మూడు నిమిషాలు తీసేస్తే 126. ఇందులో చెంపదెబ్బలు, తలుపు చాటున వినడాలు, చెప్పబోయి ఫోన్ మోగడంతో ఆగిపోవడాలు పోగా మిగిలేది బిందెడు కాదు, గ్లాసెడు.

పటిక అంటే ప్రోమో. ఛానెల్ తన దగ్గరున్న గట్టి సరుకంతా అందులోనే పెడుతుంది. పటిక ఎంత వేయాలన్నది నీళ్ల ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి మారుతుంది. అలాగే ఒక్క అత్తే కుట్ర చేసే సీరియల్‌కు వారానికి రెండు ప్రోమోలు చాలు. అత్త, ఆడబిడ్డ, మేనత్త ముగ్గురూ పనిలో ఉంటే నాలుగు. అంతకు మించితే చెడుతుంది. ప్రోమోలో తాళి కడతాడు, ఎపిసోడ్‌లో అది ఆడబిడ్డకొచ్చిన కల. దీన్ని ముందే పసిగట్టవచ్చు. తాళి కట్టే ప్రోమోలో పెండ్లి చేసే అయ్యగారి ముఖం కనపడకపోతే అది కలే. కలకు కూడా అయ్యగారిని పిలిచి ఒకరోజు పైకం ఇచ్చేంత పిచ్చి నిర్మాత ఉండడు.

సున్నం అంటే మ్యూట్ బటన్. నొక్కగానే ఉరుములు, వయొలిన్లు, శంఖాలు అడుగుకు దిగిపోతాయి. కథకేమీ లోటు రాదు, అత్తకు కోపమొచ్చిందని తెలియడానికి కనుబొమ్మలు చాలు. బ్లీచింగ్ పౌడర్ అంటే పక్కింటి అవ్వ. “ఏమైందవ్వా నిన్న?” అంటే చాలు. “ఏమైతది బిడ్డా, ఆ పోరి నీళ్లు పోసుకున్నది. నాకెరుకే, నీకెరుకే, వాడకట్టంత ఎరుకే, గా ఇంట్ల ఉన్నోళ్లకే ఎరుక లేదు.” రెండు వారాల కథ సూక్ష్మక్రిములు లేకుండా చేతికొచ్చినట్టే.

తిప్పే పది నిమిషాలు శనివారం ఎపిసోడ్‌లో చివరి పది. ఆదివారం దాటించాలి కాబట్టి ముడి అక్కడే వేస్తారు. చాలామంది చేసే తప్పు సోమవారం మొదటి పది చూడటం. సోమవారం ముడి విప్పరు, ముడిని చూపిస్తారు. ఇంకో తప్పు, తేరుకునే గంటలో ఆగలేక ఫోన్‌లో ఆ నటి ఇంటర్వ్యూలు చూడటం. అప్పుడు మడ్డి మళ్లీ లేస్తుంది, ఎందుకంటే తెర మీద చచ్చిపోయిన మనిషి అక్కడ కొత్త ఫ్లాట్ చూపిస్తుంటుంది.

వానొస్తే మాత్రం పద్ధతి ఆపేయాలి. డిష్‌కు వచ్చేది 11, 12 గిగాహెర్ట్జ్ దగ్గరి సిగ్నల్. గట్టి వాన చినుకులు దాన్ని మధ్యలోనే మింగేస్తాయి. సీరియల్‌లో ఎన్ని పిడుగులు పడ్డా బొమ్మ చెదరదు గానీ, దేవరకొండ మీద ఒక్క నిజమైన మబ్బు పడితే ‘సిగ్నల్ లేదు’ అని నీలం తెర. మేడ ఎక్కి డిష్ తిప్పితే తర్వాత రోజు ఎండలోనూ రాదు. అది చెడలేదు, ఊరికే కూర్చుంటే పావుగంటలో వస్తుంది.

ఇప్పుడు అడుగున చేరిన మడ్డిని వేలితో కెలికి చూడండి. ఎక్కువగా అలక కనపడుతుంది. మన తొమ్మిది బతుకమ్మల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం పెట్టరు, ఏడో రోజుకు వేపకాయల బతుకమ్మ వచ్చేస్తుంది. సాక్షాత్తు గౌరమ్మకు మంజూరైన అలక ఒక్క రోజు. సీరియల్ కోడలు మొగుడితో మాట్లాడక ఎన్ని బతుకమ్మలు పోయాయో అవ్వనే అడగాలి.

దాని కింద మన యాస ఉంటుంది. బంగళా లోపలివాళ్లంతా ‘వెళ్లొస్తానండీ’, ‘అత్తయ్యగారూ’ అంటారు. మన మాట గేటు దగ్గరి వాచ్‌మన్‌కు, అంట్లు తోమే ఆమెకు, కిడ్నాప్ చేసే రౌడీకి ఇస్తారు. నల్లగొండ గడియారం సెంటర్లో బట్టల షాపు ఓనరు, వనపర్తిలో లెక్చరర్, గద్వాలలో చీరలు నేయించే సేటు కూడా అదే మాట్లాడతారన్న రహస్యం ఇంకా హైదరాబాద్ దాకా పోలేదు. ఇచ్చిన మాటైనా సరిగ్గా ఇస్తారా అంటే అదీ లేదు. పాలమూరు ‘యాడికి’కి, నల్లగొండ ‘ఏడికి’కి తేడా పక్కన పెట్టండి. మామూలు వాక్యం రాసి, మూడు ‘గట్ల’లు, రెండు ‘గిట్ల’లు, చివర ఒక ‘బిడ్డా’ పైన చల్లుతారు, సర్వపిండి మీద నువ్వులు చల్లినట్టు. నువ్వులు పిండిలో కలపాలి. పైన చల్లితే పెనం మీదే రాలిపోతాయి.

పండుగ స్పెషల్‌ది ఇంకో రకం మడ్డి. బతుకమ్మ పేర్చాలంటే సిబ్బిలో గుమ్మడాకు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరుసలుగా పెడుతూ, కాడలన్నీ ఒకే పొడుగు కత్తిరించి, నడిమి ఖాళీలో ఆకు దట్టించుకుంటూ పోవాలి. దట్టింపు తక్కువైతే ఎత్తగానే ఒక పక్కకు కుంగుతుంది. స్టూడియో బతుకమ్మ ఎప్పటికీ కుంగదు, లోపల థర్మోకోల్ ఉంటుంది.

డ్యాన్సు, పాటలు, పోట్లాట షోలకు ఈ బకెట్ పనికిరాదు. జడ్జి కుర్చీలోంచి లేచాడంటే ఏడుపు, పియానో మోగిందంటే పేద తండ్రి, చప్పట్లు కొడుతున్న జనం మాత్రం ఇంకేదో పాటకు కొట్టినవాళ్లు. తేర్చడానికి అందులో నీళ్లుండాలి కదా.

ఇక మిగిలింది మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది. నల్లగొండ టెక్నిక్‌కూ ఇదే పెద్ద చిక్కు. తీసిన ఫ్లోరైడు మడ్డిలోనే ఉంటుంది. బావి దగ్గరో చెరువు కట్ట మీదో పోస్తే మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. ఛానెళ్లు ఆ చిక్కును ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. తెల్లారి మధ్యాహ్నం, అన్నాలు తినే వేళకు, పునఃప్రసారం అని అదే మడ్డిని గ్లాసుల్లో పోసి ఇస్తున్నాయి.