సవరణ: మెనాడియోన్ పెరాక్సైడ్‌గా మారదు

కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి (చురుకైన ఆక్సిజన్ రూపాలు పేరుకుపోయి కణాన్ని దెబ్బతీయడం) పుట్టించడానికి ల్యాబుల్లో వాడే మెనాడియోన్ (విటమిన్ కె3) గురించిన గత పోస్టులో, అది కణంలో విరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుందని ఉంది. అలా జరగదు. రిడక్టేజ్ ఎంజైములు దానికి ఒక ఎలక్ట్రాన్ ఇస్తే సెమీక్వినోన్ అవుతుంది. అది ఆ ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్‌కు అంటగట్టి మళ్లీ మెనాడియోన్‌గా తిరిగొస్తుంది, ఇంకో ఎలక్ట్రాన్‌కు సిద్ధంగా. ఆక్సిజనేమో సూపరాక్సైడ్ అవుతుంది. పెరాక్సైడ్ వచ్చేది దాన్నుంచి.

యాంటీఆక్సిడెంట్‌గా వాడే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపితే కణాలు బతికాయి కాబట్టి చంపింది ఆక్సిజన్ రాడికల్సే (సూపరాక్సైడ్ లాంటివే) అన్న వాక్యాన్ని కూడా తీసేశాను. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మెనాడియోన్ కణంలోని గ్లూటాథయోన్ లాంటి థయోల్స్‌కు (సల్ఫర్-హైడ్రోజన్ జంట ఉన్న పదార్థాలకు) నేరుగా అతుక్కుంటుంది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కూడా థయోలే. అంటే రాడికల్స్ జోలికి పోకుండా, మెనాడియోన్‌నే పట్టేసి ఉండొచ్చు కదా! ఆ ఒక్క ప్రయోగంతో ఏదీ తేలదు.

తూకం విషయం: మెనాడియోన్ అణుభారం 172.2. నీటిలో కరిగే సోడియం బైసల్ఫైట్ రూపానిది, స్ఫటికజలం లేకుండా, 276.2. మోలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్) లెక్కకు ముందు సీసాలో ఏ రూపం ఉందో లేబుల్ చూడండి.