వెయ్యి అబద్ధాలు, ఒక గ్రాఫిక్స్ కార్డు

మా స్టోర్‌రూంలో ఉన్న కంప్యూటర్‌కీ హాల్లో ఉన్న సోఫాకీ మధ్య దూరం పదకొండు అడుగులు. టేపు పెట్టి కొలిచాను. ఒక ఆటని ఈ పదకొండు అడుగులు దాటించడానికి నాకు మూడు వారాల నిద్ర, ఎన్విడియా కంపెనీవాళ్ల సెకండ్‌హ్యాండ్ క్వాడ్రో పీ2000 గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు గీసేది) ఒకటి ఖర్చయ్యాయి. కార్డు ఎంతకు కొన్నానో మాత్రం రాయను. ఈ కాలమ్ మా ఆవిడ కూడా చదువుతుంది.

సంగతేమిటంటే, బియ్యం డబ్బా పక్కన మాకో సర్వర్ ఉంది. ఫొటోలు, సినిమాలు దాచుకోడానికి పెట్టింది. దాని మీద విండోస్‌కి బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది. లినక్స్ లోపల ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ఏర్పాటు. అందులో విండోస్. ఆ విండోస్‌కి నిజమైన గ్రాఫిక్స్ కార్డు అప్పగిస్తే ఆట అక్కడ నడుస్తుంది, బొమ్మ వీడియోగా మారి హాల్లో టీవీకి వస్తుంది, ఇక్కడ నొక్కిన బటన్ అక్కడికి వెళ్తుంది. పంపేవాడి పేరు సన్‌షైన్, అందుకునేవాడి పేరు మూన్‌లైట్. సూర్యుడు స్టోర్‌రూంలో, చంద్రుడు హాల్లో. చాలా చిన్న పని అన్నాడు నాకు సలహా ఇచ్చిన మిత్రుడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

కార్డు కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను.

"ఆటోక్యాడ్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగులు చేస్తారా సార్?" అన్నాడు షాపతను.

"లేదు, గేమ్స్."

అతను కార్డుని నా చేతిలోంచి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మడి కట్టుకున్నప్పుడు ఎవరో ముట్టుకున్నట్టు చూసి, "సార్, ఇది గేమింగ్ కార్డు కాదు. వర్క్‌స్టేషన్ కార్డు" అన్నాడు.

ఆ మడి సంగతి కాస్త చూద్దాం. పీ2000 లోపలున్న చిప్ పేరు జీపీ106. ఆటలాడే పిల్లలు కొనుక్కున్న జీటీఎక్స్ 1060 లోపలున్న చిప్ పేరు కూడా జీపీ106. పిల్లల కార్డులో 1280 కోర్లు, 6 జీబీ మెమరీ. పెద్దమనుషుల కార్డులో 1024 కోర్లు, 5 జీబీ. కొత్తగా వచ్చినప్పుడు పిల్లల కార్డు 249 డాలర్లు, పెద్దమనుషులది అంతకు రెట్టింపు పైనే. తక్కువ సరుకుకి ఎక్కువ ధర ఎందుకయ్యా అంటే, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్లకి పరీక్షించిన డ్రైవర్లు ఇస్తాం, సపోర్ట్ ఇస్తాం అంటారు. సరే, ఆ మేరకు ఒప్పుకుంటాను. కానీ నాలాంటివాడు దీన్ని కొన్నది అందుకు కాదు. ఎందుకో తెలియాలంటే ఒక పెళ్లిచూపులకి వెళ్లిరావాలి.

అబ్బాయి పేరు జీఫోర్స్, ఇందాకటి జీటీఎక్స్ లాంటి ఆటల కార్డులకి ఎన్విడియా పెట్టిన ఇంటిపేరు. అబ్బాయి తరఫున వచ్చిన మేనమామ పేరు డ్రైవర్, అంటే కార్డుకీ విండోస్‌కీ మధ్య మాటలు నడిపే ప్రోగ్రాం. అమ్మాయి విండోస్, ఉండేది వర్చువల్ మెషీన్ అనే అద్దె ఇంట్లో. ఇంటి ఓనరు హైపర్‌వైజర్, అంటే ఆ వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రాం. మేనమామ వచ్చాడు, కాఫీ తాగాడు, సీలింగ్ వైపు చూశాడు. "ఇల్లు సొంతమేనా?" అన్నాడు. "సొంతమేనండీ" అన్నారు అమ్మాయి వాళ్లు. ఆయన ఊరుకోలేదు. చేతులు కడుక్కుంటానని పెరట్లోకెళ్లి కరెంటు మీటరు మీద పేరు చదివాడు. ఓనరు పేరుంది.

మర్యాదస్తుడైతే ఏమంటాడు? "అద్దె ఇంటివాళ్లకి మా అబ్బాయిని ఇవ్వమండీ" అంటాడు, లేచి వెళ్లిపోతాడు. ఈయన అలా అనలేదు. ఆ క్షణం దాకా పకోడీలు తింటున్న అబ్బాయిని అక్కడే చాప మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, "మావాడికి ఒంట్లో బాలేదు" అన్నాడు. విండోస్ భాషలో దీన్నే కోడ్ 43 అంటారు. 'ఈ పరికరం తనలో సమస్యలున్నాయని చెప్పింది, కాబట్టి ఆపేశాం' అని దాని సారాంశం. పరికరం ఏమీ చెప్పలేదు పాపం. దాని నోట్లో ఇంకా పకోడీ ఉంది.

అప్పుడేం చేశారు అమ్మాయి తరఫువాళ్లు? ఓనరుని బీరువా వెనక దాచారు. దానికి సెట్టింగుల్లో ఒక వరుస రాయాలి. తర్వాత గుమ్మం మీద నేమ్‌ప్లేట్ మార్చారు. పన్నెండు అక్షరాలు దాటకుండా ఏ పేరైనా రాసుకోవచ్చు, మేనమామకి అభ్యంతరం లేదు. అంత నిఘా పెట్టిన మనిషి నేమ్‌ప్లేట్ మీద ఏముందో చదవడు, ఓనరు పేరు కాకపోతే చాలు. దుప్పటి తీసేశాడు. అబ్బాయి లేచి కూర్చుని పకోడీ నమిలాడు.

ఇక ఇదే ఇంటికి ఇంకో సంబంధం వచ్చింది. అదే తల్లి కడుపున పుట్టిన క్వాడ్రో. అద్దె ఇల్లైనా పర్లేదన్నారు, ఓనరుకి నమస్కారం కూడా పెట్టారు. కట్నం మాత్రం రెట్టింపు అన్నారు. నేను చేసుకున్న సంబంధం ఇదే, కాకపోతే రెండో పెళ్లివాడు.

ఈ నాటకం ఏళ్ల తరబడి నడిచాక 2021లో ఎన్విడియా ఒక డ్రైవర్ విడుదల చేసి, జీఫోర్స్ కార్డుల్ని ఇకమీదట విండోస్ వర్చువల్ మెషీన్‌కి అప్పగించుకోవచ్చని ప్రకటించింది. చిప్ మార్చలేదు, సర్క్యూట్ మార్చలేదు. నిన్నటిదాకా జబ్బుపడ్డ కార్డులన్నీ ఒక్క డౌన్‌లోడ్‌తో కోలుకున్నాయి. అంటే ఆ జబ్బు ఎప్పుడూ లేదు. లేదని ఎన్విడియావారూ, మీకు తెలుసు. తెలిసే ఆ దుప్పటి కప్పారు. డబ్బు కట్టినవాడి సొంత వస్తువు గురించి, వాడి సొంత తెర మీద, వాడికే అబద్ధం చెప్పారు. 'మేం అనుమతించం' అని ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డొచ్చింది? కార్డు కాలిపోయిందనుకుని, ఇంట్లో అడిగి కొనిపించుకున్న వస్తువు మూడు నెలలకే పాడుచేశానని తలదించుకున్న కుర్రాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకి ఎవరు సంజాయిషీ ఇస్తారు? ప్రకటన మాత్రం ఏదో వరం ప్రసాదిస్తున్నట్టు వచ్చింది. మన జేబులోంచి తీసిన పర్సు మనకే బహుమతిగా ఇచ్చినా దండం పెట్టాలి కాబోలు.

ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. 2017 చివర్లో అదే కంపెనీ జీఫోర్స్ డ్రైవర్ లైసెన్సులో ఒక షరతు చేర్చింది: డేటాసెంటర్‌లో వాడకూడదు, కానీ బ్లాక్‌చెయిన్ పనికైతే వాడొచ్చు. పరిశోధన చేసే లెక్చరర్‌కి కుదరదు, బిట్‌కాయిన్ బాపతువాళ్లకి తలుపులు బార్లా. వీడియో ఎన్‌కోడింగ్‌దీ, అంటే బొమ్మని వీడియోగా మార్చే పనిదీ, ఇదే కథ. మామూలు కార్డు మీద ఒకేసారి రెండు వీడియోలే అన్నారు చాలాకాలం. తర్వాత మూడన్నారు. 2023లో ఐదన్నారు. పొయ్యిలు ఎన్నున్నాయో అన్నే ఉన్నాయి, వంటవాడికి చెప్పే లెక్క మారుతోంది. 2013లోనే ఒక ఔత్సాహికుడు జీటీఎక్స్ 690 మీద ఆవగింజంత రెసిస్టర్లు మార్చి, ఆ కార్డు తనను తాను క్వాడ్రో కే5000 అని పరిచయం చేసుకునేలా చేశాడు. మడికీ మైలకీ మధ్య ఉన్నది ఆవగింజంత రెసిస్టరన్నమాట.

సరే, మా ఇంటికొద్దాం. మేనమామ బెడద లేని కార్డు తెచ్చానని మురిసిపోయాను కానీ, అబద్ధాలు ఆడే వంతు నాకొచ్చింది. మానిటర్ తగిలించకపోతే తెర ఉందని విండోస్ ఒప్పుకోదు, తెర లేకపోతే సన్‌షైన్ పంపడానికి బొమ్మే ఉండదు. అందుకని డమ్మీ ప్లగ్గు కొనాలి. బొటనవేలంత ఉంటుంది. కార్డుకి తగిలిస్తే "నేను మానిటర్‌ని" అంటుంది, కార్డు నమ్ముతుంది. నేను హెచ్‌డీఎంఐది కొన్నాను. పీ2000కి వెనక నాలుగు రంధ్రాలున్నాయి, నాలుగూ డిస్‌ప్లేపోర్టులే. ఇంకో ప్లగ్గు తెప్పించాను. మొదటిది ఇప్పుడు దేవుడి గది అరలో, అగ్గిపెట్టె పక్కన ఉంది. ఎందుకో ఎవరూ అడగడం లేదు.

తర్వాత ఆటకి ఇంకో అబద్ధం: లేని ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కంప్యూటర్‌కి తగిలించి ఉన్నట్టు. ఇన్ని ఆడాక బొమ్మ వచ్చింది. సెకనుకి అరవై ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి పదహారున్నర మిల్లీసెకన్ల పైచిలుకు గడువు. కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే మా ఆవిడ మైక్రోవేవ్‌లో అప్పడాలు పెట్టింది. ఓవెన్‌దీ మా పాత వైఫైదీ ఒకే ఫ్రీక్వెన్సీ. నా కారు మలుపు దగ్గర చిన్న చిన్న గళ్లుగా విడిపోయింది, మళ్లీ కలిసేసరికి చెరువులో ఉంది. అప్పడం మాత్రం బాగా పొంగింది.

కేబుల్ లాగి ఆ గండమూ గట్టెక్కాక మావాణ్ణి పిలిచాను. "ఏ ఆట కావాలో అడగరా" అన్నాను రాజుగారిలా. వాడు తన స్నేహితులంతా ఆడే ఆట పేరు చెప్పాడు. దాంతో పాటు మోసగాళ్లని పట్టే కాపలా ప్రోగ్రాం ఒకటి వస్తుంది. అది లోపలికొచ్చింది, కాఫీ కూడా తాగలేదు, నేరుగా మీటరు దగ్గరికెళ్లింది. వర్చువల్ మెషీన్‌లో ఆడనివ్వనని తెర మీద రాసింది. ఒంట్లో బాలేదని మాత్రం అనలేదు, ఆ మర్యాద ఉంది.

"నిజం కంప్యూటర్ కావాలంట నాన్నా" అన్నాడు మావాడు, నా ఫోన్ అందుకుని సోఫాలో చతికిలబడుతూ.

స్టోర్‌రూంలో డమ్మీ ప్లగ్గు ఇంకా మానిటర్‌లా నటిస్తూనే ఉంది. కార్డు నమ్ముతూనే ఉంది, సెకనుకి అరవై సార్లు.