సంపాదించడానికి ముందు మనమే డబ్బు కట్టాలా?

"ఇంట్లో ఖాళీగా ఉన్నారా? మీ హాబీతోనే నెలకు 50 వేలు!" అనే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, స్కూలు తల్లుల గ్రూపులో వచ్చింది. చివరికి మా పిన్ని కూడా "నీకు పనికొస్తుందని పంపా" అంటూ పంపింది. అందులో ఏడు పాయింట్లున్నాయి. మగ్గం వర్క్, పచ్చళ్లు, యూట్యూబ్, ట్యూషన్లు, హాబీ ఆదాయానికి పన్ను ఉండదనే భరోసా, ఇంటి దగ్గరే చేసే ప్యాకింగ్, రేటింగ్ పనులు (రెండూ ఒకే పాయింటు), ఆఖర్న చుట్టాల దగ్గర కూడా డబ్బు తీసుకోమనే సలహా. పంపేవాళ్లంతా మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఒక్కరు కూడా చివరిదాకా చదివినట్టు లేదు.

యూట్యూబ్ సంగతి తొందరగా తేల్చేద్దాం. "వంట చేస్తూ వీడియో తీస్తే చాలు, మొదటి నెల నుంచే డబ్బు" అని రాశారు. ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. సగటున ఒక్కొక్కరు రెండు నిమిషాలు చూస్తారనుకున్నా 1,20,000 సార్లు చూడాలి. షార్ట్స్‌తో అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. మొదటి నెల అనేది అబద్ధం.

పన్ను మాట కూడా అంతే. హాబీ ఆదాయం, హాబీ కాని ఆదాయం అని ఆదాయపు పన్ను శాఖ విడదీసి చూడదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి మనలో చాలామందికి పన్ను పడదు. ఆదాయం తక్కువని పడదు, హాబీ అని కాదు. ఉద్యోగం చేస్తూ పక్కన సంపాదించేవాళ్లు మాత్రం జీతంతో కలిపి చూపించాల్సిందే. ట్యూషన్ల గురించి నాకు పేచీ లేదు.

మగ్గం వర్క్ దగ్గర మాత్రం ఊరుకోలేను, ఎందుకంటే అది నేను చేసే పని. "రోజుకు గంట కేటాయిస్తే చాలు" అట. ఈ మాట రాసినవాళ్లు మగ్గానికి బట్ట బిగించడం ఎప్పుడూ చూసి ఉండరు. ముందు ట్రేసింగ్ షీట్ మీద డిజైన్ గీయాలి. ఆ గీత వెంబడి సూదితో చిల్లులు పొడవాలి. జింక్ పౌడర్‌ను కిరోసిన్‌లో కలిపి, గుడ్డ ముక్కతో ఆ షీట్ మీద రుద్దితే అప్పుడు చుక్కలు చుక్కలుగా డిజైన్ బట్ట మీద పడుతుంది. పూస కుట్టడం ఆ తర్వాత. వెనక మెడ, రెండు చేతులు నిండుగా వచ్చే బ్లౌజ్ అంటే 30 గంటలు సులువుగా పడుతుంది. 3,000 రూపాయలు తీసుకున్నామనుకోండి. జరీ, పూసలు, కుందన్లకు 700 పోతే మిగిలేది 2,300, అంటే గంటకు 77 రూపాయలు. 50 వేలు రావాలంటే నెలకు 22 బ్లౌజులు కుట్టాలి, అంటే 660 గంటలు. 30 రోజుల నెలలో ఉండేవే 720 గంటలు. ఇక వంట, పిల్లలు, నిద్ర ఎప్పుడు?

పైగా ఆర్డర్లు ఏడాది పొడవునా ఉండవు. శ్రావణంలో ఊపిరాడదు, ఆషాఢంలో, మూఢంలో ఫోన్ మోగదు. ఇప్పుడు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు కొన్ని గంటల్లో బ్లౌజ్ దించేస్తున్నాయి, రేటు అడిగేవాళ్లు వాటితో పోల్చి బేరమాడుతున్నారు. అయినా ఈ పనిలో డబ్బు ఉంది. నెలకు ఐదారు వేలు నిజాయితీగా వస్తాయి, చెయ్యి తిరిగాక ఇంకాస్త వస్తాయి. నడుం, కళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. ఇది చెప్పి రమ్మంటే వచ్చేవాళ్లు నిలబడతారు. 50 వేలని చెప్పి రప్పిస్తే మూడో నెలలో మగ్గం అటకెక్కుతుంది.

పచ్చళ్లకు "ఇంట్లో చేసేదే కదా, పర్మిషన్ అక్కర్లేదు" అనడం తప్పు. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారానికి ఆ ఫీజు చాలా తక్కువ, భయపడాల్సిందేమీ లేదు. సీసా మీద 14 అంకెల ఆ నంబరు, తయారు చేసిన తేదీ ఉంటే కొనేవాళ్లకు ధైర్యం, మనకూ రక్షణ.

ఇక ఆరో పాయింట్. నాకు ఒళ్లు మండింది దీని దగ్గరే. "పెన్సిల్ ప్యాకింగ్: మెటీరియల్ ఇంటికే పంపిస్తారు, రిజిస్ట్రేషన్ 650 మాత్రమే, అది కూడా తిరిగి ఇచ్చేస్తారు" అని రాసి కింద ఒక నంబరు ఇచ్చారు. ఒక్క క్షణం ఆలోచించండి. పెన్సిళ్లు ఫ్యాక్టరీలో మిషన్ల మీదే డబ్బాల్లోకి వెళ్తాయి. వాటిని విడిగా మన ఇంటికి కొరియర్ చేసి, మనం డబ్బాల్లో పెట్టాక మళ్లీ కొరియర్‌లో తెప్పించుకునే కంపెనీకి ఏం మిగులుతుంది? అంత మంచి కంపెనీ అయితే ఆ 650 మొదటి జీతంలో కోసుకోవచ్చు కదా? కోసుకోరు, ఎందుకంటే జీతమే లేదు. 650 కట్టాక ఐడీ కార్డు ఫీజు అంటారు, ఆ తర్వాత కొరియర్ ఇన్సూరెన్స్ అంటారు, ఆ తర్వాత నంబరు పనిచేయదు.

రేటింగ్ పనులు దీనికంటే ప్రమాదం. టెలిగ్రామ్ గ్రూపులో చేర్చుకుంటారు. రెండు మూడు హోటళ్లకు ఐదు స్టార్లు ఇస్తే 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. మన నమ్మకం కొనుక్కోవడానికి వాళ్లు పెట్టే ఖర్చు అది. మర్నాడు "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు, వెయ్యి కడితే 1,300 వెనక్కి వస్తుంది. తర్వాత 5 వేలు, తర్వాత 20 వేలు. అక్కడ "టాస్క్‌లో తప్పు జరిగింది, డబ్బు బయటికి రావాలంటే ఇంకో 40 వేలు కట్టాలి" అంటారు. గ్రూపులో "నాకు వచ్చేసింది మేడమ్" అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లంతా వాళ్ల మనుషులే. మా వీధిలో ఒకావిడ ఇలాగే చీటీ పాడిన డబ్బు మొత్తం పోగొట్టుకుంది. ఇంట్లో చెప్పలేక ఆమె పడ్డ టెన్షన్ కళ్లారా చూశాను.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. మొదట్లో మన ఖాతాలో పడే ఆ చిన్న మొత్తాలు మరో ఊళ్లో మోసపోయినవాళ్ల డబ్బు కావచ్చు. వాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు వెళ్లిన దారి పట్టుకుని వస్తారు, మన ఖాతా ఆగిపోతుంది. "మీ ఖాతా కొన్నాళ్లు వాడుకోనిస్తే కమీషన్" అని కూడా అదే మెసేజ్‌లో ఉంది. అది సంపాదన కాదు, నేరం. కేసు ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల మీద పడుతుంది. ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఏడో పాయింట్ నూటికి నూరు పాళ్లు నిజం. "చుట్టాలైనా సరే, చేసిన పనికి డబ్బు తీసుకోండి" అన్నారు. మనలో చాలామంది సంపాదన ఆగిపోయేది అక్కడే. ఆడపడుచు కూతురి పెళ్లికి బ్లౌజులు, తోటికోడలికి ఆవకాయ జాడీ, ఎదురింటి వదినకు ఫాల్స్ కుట్టడం, అన్నీ మొహమాటానికే పోతాయి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, మనం రేటు చెప్పం కాబట్టి అడగరు. బట్ట చేతిలోకి తీసుకునేటప్పుడే రేటు చెప్పండి, "వదినా, మెటీరియల్ తేవాలి" అని సగం అడ్వాన్స్ అడగండి. ఇచ్చేవాళ్లే ఎక్కువ. ఇవ్వనివాళ్ల బ్లౌజ్ మీద పెట్టే 30 గంటలు ఇంకొకరి ఆర్డర్‌కు పనికొస్తాయి.